సీ బుక్కు ఒప్పుకుంటే చాలదు, రోడ్డూ ఒప్పుకోవాలి

షోరూమ్ నుంచి బయటికొచ్చిన కొత్త కారు ముందు గుడికి వెళ్తుంది. పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు. ఆ తర్వాతి మజిలీ చాలాసార్లు కార్ డెకార్ షాపే. సీటు కవర్లు, ఫ్లోర్ మ్యాట్లు, అద్దాలకు ఫిల్మ్, ముందొక బంపర్ గార్డు, తెల్లగా మెరిసే ఎల్ఈడీ బల్బులు, కాస్త గట్టిగా మోగే హారన్. అంతా అయ్యాక, బిల్లు కట్టేటప్పుడు ఓనరుకు డౌటు వస్తుంది: ‘పోలీసులు ఆపితే ప్రాబ్లమ్ ఏమైనా ఉంటుందా?’ షాపాయన దగ్గర జవాబు రెడీగా ఉంటుంది. ‘అందరూ వేయించుకుంటున్నారు సార్, ఏం కాదు.’ న్యాయ సలహా అక్కడితో అయిపోతుంది.

అసలు అడగాల్సినవి రెండు ప్రశ్నలు. ఈ మార్పును చట్టం ఒప్పుకుంటుందా? ఈ మార్పుతో బండి రోడ్డు మీద క్షేమంగా నడుస్తుందా? రెండూ ఒకటే అనుకోవడంతోనే చిక్కు వస్తోంది. చట్టం పట్టించుకోని సీటు కవరు ప్రాణం మీదికి తేగలదు. ఎవరికీ హాని చేయని రంగు మార్పు చలానా తెచ్చిపెట్టగలదు. డెకార్ షాపులో అమ్మే ప్రతి వస్తువునూ ఈ రెండు ప్రశ్నలతో విడివిడిగా పరీక్షించుకోవాలి.

ముందు చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ఈ విషయం గురించే. తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకూ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలకూ తేడా వచ్చేలా ఓనరు బండిని మార్చకూడదు అంటుందది. 2000లో చేసిన సవరణతో ఈ మాట ఇంత కచ్చితంగా మారింది. పెద్దవాళ్లు ఇప్పటికీ సీ బుక్కు అని పిలిచే ఆర్‌సీలో ఏమేం ఉంటాయో ఒకసారి తీసి చూస్తే సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, ఇంధనం, రంగు, బాడీ రకం, సీట్ల సంఖ్య, బరువు, ఇంజిన్ సామర్థ్యం. వీటిలో దేన్ని ముట్టుకున్నా అది ‘ఆల్టరేషన్’ కిందికి వస్తుంది. మ్యూజిక్ సిస్టమ్, రివర్స్ కెమెరా, ఫోన్ హోల్డర్ లాంటివి వీటిలో దేన్నీ ముట్టుకోవు కాబట్టి ఆ గొడవ లేదు.

తెలుగు నేల మీద ఈ తేడా అంత సులువుగా ఎక్కకపోవడానికి ఒక కారణం కనిపిస్తుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల లారీకి బాడీ కట్టించడం తరతరాల పని. కంపెనీ నుంచి వచ్చేది ఛాసిస్. దాని మీద క్యాబిన్, తొట్టి, పైన బొమ్మలు, రంగులు అన్నీ ఇక్కడి మేస్త్రీల చేతుల్లోనే తయారయ్యేవి. బండి అంటే కొన్నాక మన ఇష్టప్రకారం కట్టించుకునేది అనే అలవాటు అక్కడి నుంచి వచ్చింది. కారు విషయం వేరు. అది పూర్తిగా తయారై, పుణేలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థల్లో పరీక్షలు నెగ్గి వస్తుంది. బ్రేకు, లైటు, శబ్దం, పొగ, ఢీకొన్నప్పుడు నలిగే తీరు, ఇవన్నీ ఒకదానితో ఒకటి ముడిపెట్టి చూసి ఇచ్చిన ఆమోదం అది. అందులో ఒకటి మారిస్తే ఆ ఆమోదం ఇంకా వర్తిస్తుందా అని అడగడం సహజమే కదా.

సుప్రీంకోర్టు 2019 జనవరి 9న ఇచ్చిన తీర్పు సరిగ్గా ఈ ప్రశ్న మీదే. కేసు కేరళది. బాడీలో చేసిన మార్పు బండి పటుత్వాన్ని దెబ్బతీయనంత వరకు అనుమతించవచ్చని అక్కడి హైకోర్టు రాష్ట్ర నిబంధనల ఆధారంగా చెప్పింది. జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ వినీత్ శరణ్‌ల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. రాష్ట్ర నిబంధన ఏదైనా సెక్షన్ 52కు లోబడే ఉండాలని, తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌ను మార్చే వీలు లేదని తేల్చింది. అదే ఏడాది పార్లమెంటు చేసిన సవరణతో సెక్షన్ 182ఏ వచ్చింది. అనుమతి లేని మార్పు చేసిన ఓనరుకు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ‘ఒక్కో మార్పుకు’ అన్న మాటను గట్టిగా చదువుకోవాలి. నాలుగు మార్పులుంటే నాలుగు లెక్కలు పడతాయి.

అలాగని అన్ని తలుపులూ మూసేయలేదు. రంగు మార్చుకోవచ్చు, కాకపోతే ముందు ఆర్టీఏ అనుమతి తీసుకుని, పని పూర్తయ్యాక కొత్త రంగును ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. పెయింట్ కాదు, ర్యాప్ (రంగు స్టిక్కర్ పొర) వేయించాం అంటే తప్పించుకున్నట్టు కాదు. రోడ్డు మీద ఆపిన ఎస్సైకి కనిపించేది ఎర్ర కారు, కార్డులో ఉన్నది తెలుపు. ఒక్క రంగు మాత్రం ఎవరడిగినా ఇవ్వరు. ఆలివ్ గ్రీన్ సైన్యం వాహనాలకే. జీపు ముచ్చట ఉన్న కుర్రాళ్లు ఎక్కువగా మోజుపడేదీ ఆ రంగే కావడం విశేషం. పాడైన ఇంజిన్‌ను అనుమతితో అదే రకం ఇంజిన్‌తో మార్చుకోవచ్చు. వైకల్యం ఉన్నవారి కోసం చేతితో నడిపేలా బ్రేకు, యాక్సిలరేటర్ అమర్చడానికి చట్టంలోనే చోటుంది. ఇంధనం మార్చుకోవడానికీ ఉంది, దాని సంగతి తర్వాత.

అద్దాల ఫిల్మ్ కథ కాస్త మలుపులు తిరిగింది. కేంద్ర నిబంధనల్లో రూల్ 100 ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం వెలుతురు లోపలికి రావాలి. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. ఎంత వెలుతురు పోనిచ్చినా సరే, అద్దం మీద విడిగా ఫిల్మ్ అంటించడమే కుదరదంది. హైదరాబాద్ కూడళ్లలో ట్రాఫిక్ పోలీసులు కార్లు ఆపి ఫిల్మ్ పీకేసిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ తర్వాత రూల్ 100నే సవరించారు. 2021 ఏప్రిల్ నుంచి ‘సేఫ్టీ గ్లాస్’ పక్కన ‘సేఫ్టీ గ్లేజింగ్’ అన్న మాట చేరింది, అంటే లోపలి వైపు ప్లాస్టిక్ పొర ఉన్న అద్దం కూడా ప్రమాణాల్లోకి వచ్చింది. దీని ఆధారంగా, 70, 50 శాతాల లెక్క తప్పని ఫిల్మ్‌కు జరిమానా వేయడం కుదరదని కేరళ హైకోర్టు 2024లో చెప్పింది. తెలుగు రాష్ట్రాల పోలీసులు రోడ్డు మీద ఈ తీర్పును ఒప్పుకుంటారన్న భరోసాతో ఫిల్మ్ వేయించడం మాత్రం తొందరపాటే. బయటి నుంచి చూస్తే లోపల మనిషి కనిపించని బ్లాక్ ఫిల్మ్‌ను ఏ తీర్పూ కాపాడదు. కాగితం పక్కన పెట్టి చూసినా, వానాకాలం రాత్రి నల్ల అద్దంలోంచి సైడ్ మిర్రర్ చూడాల్సిన డ్రైవరుకు దాని నష్టం ఒకరు చెప్పనక్కర్లేదు.

లైట్ల దగ్గర ఇంకాసేపు ఆగాలి. డెకార్ షాపులో ఎక్కువగా అమ్ముడయ్యేవీ, ఎదుటివాళ్లకు ఎక్కువ ఇబ్బంది పెట్టేవీ ఇవే.

పాత అంబాసిడర్లను, లారీలను చూసినవారికి హెడ్‌లైటు మీద నల్ల పెయింటుతో వేసిన చుక్క గుర్తుంటుంది. ఎదుటివాడి కళ్లలో వెలుగు పడకూడదని చేసిన నాటు ఉపాయం అది. తర్వాత వచ్చిన హెచ్4 హాలోజెన్ బల్బు ఆ పనిని లోపలే చేస్తుంది. బల్బులో రెండు ఫిలమెంట్లుంటాయి. డిమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. అది కింది వైపు వెళ్లే కాంతిని ఆపేస్తుంది, మిగిలిన కాంతి రిఫ్లెక్టరును తాకి రోడ్డు మీదికే వంగుతుంది. ఫిలమెంటు ఎక్కడుండాలో మిల్లీమీటర్లలో లెక్కగట్టి ఆ రిఫ్లెక్టరును మలుస్తారు. అదే చోట ఎల్ఈడీ బల్బు పెడితే కాంతి పుట్టే చోటు, ఆకారం రెండూ మారిపోతాయి. వెలుగు నలుదిక్కులా చెదురుతుంది. డ్రైవరు సీట్లో కూర్చున్నవారికి బానెట్ ముందు పది పదిహేను అడుగులు పట్టపగల్లా కనిపించి ‘అదిరింది’ అనిపిస్తుంది. దగ్గర అంత వెలుగున్నప్పుడు కంటిపాప ముడుచుకుంటుంది, దూరాన రోడ్డు దాటుతున్న మనిషి ఇంకా మసకబారతాడు. ఎదురుగా వచ్చే బైకు మీది మనిషికైతే రెండు క్షణాలు ఏమీ కనపడదు.

దీన్ని ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. బల్బు మార్చక ముందు, చదునైన నేల మీద, గోడకు 25 అడుగుల దూరంలో కారు ఆపి డిమ్ వేయాలి. గోడ మీద వెలుగుకూ చీకటికీ మధ్య ఒక గీత కనిపిస్తుంది, ఎడమ వైపు కొద్దిగా పైకి లేచి ఉంటుంది. మన దేశంలో ఎడమ పక్కన నడుస్తాం కాబట్టి ఆ వైపు ఫుట్‌పాత్, బోర్డులు కనిపించాలని అలా చేస్తారు. సుద్దముక్కతో ఆ గీత గీసి, కొత్త బల్బు పెట్టి మళ్లీ వేయాలి. గీత చెదిరిపోయినా, పైకి లేచినా ఆ బల్బు వాపసు ఇచ్చేయడమే. అమెరికా నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసులో హెడ్‌ల్యాంపులు తెప్పించుకునేవారు ఇంకోటి చూసుకోవాలి. అక్కడ కుడి పక్కన నడుస్తారు, వాళ్ల లైటు కుడి వైపు ఎక్కువ దూరం వేస్తుంది. మన రోడ్డు మీద ఆ వెలుగు ఎదురుగా వచ్చేవాడి మొహాన పడుతుంది.

హాలోజెన్‌లోనే ఎక్కువ వాట్ల బల్బు వేయించడం ఇంకో అలవాటు. కంపెనీ బల్బు 60/55 వాట్లు, అంటే హైబీమ్ 60, డిమ్ 55. షాపులో దొరికేది 100/90. బ్యాటరీ 12 వోల్టులు అనుకుంటే, హైబీమ్‌లో రెండు 60 వాట్ల బల్బులు 10 ఆంపియర్లు లాగుతాయి, రెండు 100 వాట్ల బల్బులు దాదాపు 17. వైరింగు పదికి తగ్గట్టు వేసింది. ముందు ఫ్యూజు పోతుంది. మెకానిక్ ఇంకా పెద్ద ఫ్యూజు పెడతాడు. ఇక కాలాల్సింది ఫ్యూజు కాదు, వైరు. విడిగా రిలే, మందం వైరు వేస్తే మంట భయం తగ్గుతుంది గానీ, ఎదుటివాడి కళ్ల సంగతి అలాగే ఉంటుంది. మ్యూజిక్ సిస్టమ్ కోసం కంపెనీ వైరును కోసి, మెలిపెట్టి, ఇన్సులేషన్ టేపు చుట్టే పని కూడా ఈ కోవలోదే. సిస్టమ్ వేయించుకోవడానికి చట్టం అడ్డు చెప్పదు, టేపు ఊడిన చోట పుట్టే నిప్పురవ్వ చట్టాన్ని అడగదు. కోయకుండా తగిలించే కప్లర్లు దాదాపు అన్ని మోడళ్లకూ దొరుకుతున్నాయి. కొన్ని వందల రూపాయలు మిగుల్చుకోవడానికి వైరు కోయించడం తెలివి తక్కువ బేరం.

టైర్లలో లెక్క సులువుగానే ఉంటుంది గానీ ఎవరూ వేయరు. కారుకు వచ్చిన టైరు 185/65 ఆర్15 అనుకుందాం. 185 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, 65 అంటే ఆ వెడల్పులో 65 శాతం పక్కగోడ ఎత్తు, 15 అంటే అంగుళాల్లో రిమ్ము. మొత్తం వ్యాసం 621.5 మిల్లీమీటర్లు. దాని బదులు 195/60 ఆర్16 వేస్తే 640.4 అవుతుంది. తేడా సుమారు 3 శాతం. స్పీడోమీటరు 100 చూపిస్తుంటే చక్రం 103 వేగంతో దొర్లుతుంటుంది. మీటర్లు సాధారణంగా అసలు వేగం కన్నా కొద్దిగా ఎక్కువే చూపిస్తాయి కాబట్టి 3 శాతం వరకు సర్దుకుపోవచ్చు. అంతకు మించితే స్పీడ్ గన్ చలానా వచ్చినప్పుడు ‘మీటరు కరెక్టుగానే చూపించింది’ అని వాదించినా ఉపయోగం ఉండదు. సైజు ఒక్కటే చూసి లోడ్ ఇండెక్స్ మర్చిపోవడం ఇంకా పెద్ద తప్పు. 88 అని ఉన్న టైరు 560 కిలోలు మోస్తుంది. 82 అయితే 475 కిలోలే. పండక్కి ఇంటిల్లిపాదీ ఎక్కి, డిక్కీ నింపుకుని హైదరాబాద్ నుంచి ఊరికి బయల్దేరే కారుకు ఆ తేడా చిన్నదేం కాదు. ఇక స్ప్రింగులు కోసి కారును కిందికి దించే సరదా మన స్పీడ్ బ్రేకర్ల ముందు రెండు వారాలు కూడా నిలవదు, దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

బంపర్ గార్డును చాలామంది రక్షణ కోసమే వేయిస్తారు. అది చేసే పని మాత్రం తిరగబడుతుంది. కారు ముందు భాగం ఢీకొన్నప్పుడు నలగడానికే ఉంది. నలుగుతూ ఆ దెబ్బను కాస్త సాగదీస్తుంది, లోపలివాళ్ల మీద పడే ఊపు తగ్గుతుంది. ఇనుప గార్డును ఛాసిస్‌కు బోల్టులతో బిగిస్తే దెబ్బ నేరుగా ఛాసిస్‌లోకి పోతుంది. ఎయిర్‌బ్యాగ్ సెన్సారు చదివే కుదుపు తీరు మారిపోతుంది. కంటి రెప్ప వేసేలోపు తెరుచుకోవాల్సిన బ్యాగు, లెక్క తప్పితే ఆలస్యంగానో, అక్కర్లేనప్పుడో తెరుచుకోవచ్చు. ఎదుట నడిచివెళ్లే మనిషికైతే ప్లాస్టిక్ బంపరు కొట్టడానికీ, ఇనుప గొట్టం కొట్టడానికీ పోలికే లేదు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ వీటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. అయినా రాజకీయ నాయకుల కాన్వాయ్‌లో గార్డు లేని బండి వెతుక్కోవాల్సిందే.

గార్డు మీద ఇంత చర్చ జరుగుతుంటే సీటు కవరును ఎవరూ అనుమానించరు. ఇప్పుడు చాలా కార్లలో సైడ్ ఎయిర్‌బ్యాగ్ సీటు అంచులోనే ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్ అని రాసిన చిన్న గుడ్డముక్క సీటు పక్కన కుట్టి ఉంటే అక్కడ బ్యాగుందని అర్థం. ఆ అంచును బిగుతుగా కప్పేసి గట్టి దారంతో కుట్టిన రెగ్జిన్ కవరు వేస్తే, లోపలి బ్యాగు దాన్ని చీల్చుకుని రావాలి. పక్క వైపు నుంచి దెబ్బ తగిలినప్పుడు తలుపుకూ మనిషికీ మధ్య జాగా ఎంతో ఉండదు, అంత టైమూ ఉండదు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న సీట్ల కోసమే అక్కడ కుట్టు వదులుగా ఉంచి చేసే కవర్లు ఉన్నాయి, అడిగితే దొరుకుతాయి. డ్రైవరు కాళ్ల దగ్గర కంపెనీ మ్యాటు మీద ఇంకో మ్యాటు వేయడమూ ఇలాంటిదే. పైది జారి యాక్సిలరేటర్ పెడల్‌ను పట్టేస్తుంది. ఏ బ్రేక్ ఇన్‌స్పెక్టరూ దీనికి చలానా రాయడు.

సైలెన్సర్ గురించి రెండు ముక్కలు చాలు. శబ్దం, పొగ ప్రమాణాలు దాటితే సెక్షన్ 190 కింద మొదటిసారికే 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్సు పోవచ్చు. విశాఖలోనూ హైదరాబాద్‌లోనూ పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు మీద వరసగా పేర్చి రోలరుతో తొక్కించారు. అందులో ఎక్కువ బైకులవే అయినా రూలు కారుకూ అదే. సాఫ్ట్‌వేర్ మార్చి ఇంజిన్ పవర్ పెంచే రీమ్యాప్ మాత్రం కంటికి కనిపించదు, అందుకే దాన్ని సేఫ్ అనుకుంటారు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 పొగ ప్రమాణాల కార్లలో ఇంజిన్, పొగ శుద్ధి చేసే భాగాలు ఒకదాన్నొకటి చూసుకుంటూ నడుస్తాయి. డీజిల్ కారులో మసిని పట్టే ఫిల్టరు తీసేయిస్తే మైలేజీ ఒకట్రెండు కిలోమీటర్లు పెరగొచ్చు. ఆ మసి వెనక వచ్చే ఆటోలోని పిల్లల ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. వారంటీ పోవడం దానితో పోలిస్తే చిన్న విషయం.

నంబరు ప్లేటు దగ్గర తెలంగాణలో కొత్త సరదా ఒకటి మొదలైంది. 2024 మార్చి 15 నుంచి కొత్త రిజిస్ట్రేషన్లు టీజీతో వస్తున్నాయి. పాత టీఎస్ బళ్లవాళ్లు కొందరు ఎస్ మీద జీ అంటించుకున్నారు. అది అభిమానం కావచ్చు, కాగితం మీద మాత్రం లేని నంబరుతో తిరుగుతున్నట్టే. పాత బండికి పాత నంబరే.

గ్యాస్ విషయానికొస్తే, చట్టం నేరుగా అనుమతించిన మార్పుల్లో ఇదొకటి. సెక్షన్ 52లోనే ఇంధనం మార్చే కిట్లకు మినహాయింపు ఉంది. బీఎస్6 పెట్రోలు కార్లకూ సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్లు వేయడానికి 2022 ఆగస్టులో దారి తెరిచారు, బండి మొత్తం బరువు 3.5 టన్నుల లోపుండాలి. ఆ కారు మోడల్‌కు ఆమోదం ఉన్న కిట్టు, ఆమోదం ఉన్న సెంటరు, తర్వాత ఆర్‌సీలో ‘పెట్రోల్/సీఎన్‌జీ’ అని మార్పు. ఈ మూడింటిలో ఒకటి తగ్గినా అది అక్రమ మార్పే. సీఎన్‌జీ సిలిండరుకు మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) ఉంటుంది. సిలిండరు మీద తేదీ కొట్టి ఉంటుంది, సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు డిక్కీ తెరిచి దాన్ని చదవాలి. ఎల్‌పీజీ కిట్టులోకి వంటింటి గ్యాస్ ఎక్కించుకునే వాళ్లు ఇంకా ఉన్నారు. బంకులో నింపేటప్పుడు కారు ట్యాంకు 80 శాతానికి దానంతటదే ఆగిపోతుంది, ఎండకు గ్యాస్ వ్యాకోచించడానికి మిగతా జాగా కావాలి. ఇంటి వెనక, చేతి పంపుతో, సిగరెట్టు వెలిగించుకునే పక్కింటాయన చూస్తుండగా చేసే పనిలో ఆ లెక్కలేం ఉండవు.

ఇవన్నీ బయటపడేది ఎప్పుడు? సొంత కారుకు ఏటా తనిఖీ లేదు. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ఇస్తారు, అప్పటిదాకా బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు నిలబడాల్సిన పని సాధారణంగా పడదు. మధ్యలో ఎవరైనా బండిని నిశితంగా చూసేది ప్రమాదం జరిగాకే. అప్పుడు వచ్చేది ఇన్సూరెన్స్ సర్వేయరు. విడిగా బిగించిన ఎలక్ట్రికల్ వస్తువుల విలువను, గ్యాస్ కిట్టు విలువను పాలసీ తీసుకునేటప్పుడే చెబితే, పాత టారిఫ్ లెక్కల్లో దాని మీద 4 శాతం అదనపు ప్రీమియం. 30,000 రూపాయల సిస్టమ్‌కు ఏడాదికి 1,200. చెప్పకపోతే ఆ వస్తువుకు పైసా రాదు. ఆర్‌సీలో లేని కిట్టు వల్లనో, కోసిన వైరు వల్లనో కారు కాలిపోయిందని సర్వేయరు రాస్తే కారు క్లెయిమే చిక్కుల్లో పడుతుంది. ఎదుటివారికి జరిగిన నష్టాన్ని ఇన్సూరెన్స్ కంపెనీ ముందు చెల్లించి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెప్పే సందర్భాలూ ఉన్నాయి.

తెలిసిన మెకానిక్కులు అందుకే ఒక మాట చెబుతుంటారు: విప్పిన కంపెనీ సామాను పారేయకండి. పదిహేనో ఏట రెన్యువల్‌కు తేదీ వచ్చినప్పుడు ఆర్టీఏ ఆఫీసు బయట ఎప్పుడూ ఒకటే సీను. ఎవరో ఒకరు ఫోన్లో ఇంటికి చెబుతుంటారు, అటక మీద గోనెసంచిలో పాత సైలెన్సరుంది, దాని పక్కనే హెడ్‌లైటు బల్బుల డబ్బా ఉంటుంది, రెండూ ఆటోలో పంపించమని.